ఫ్యూజు పోని ఎపిసోడ్

కథ చూసినంత మాత్రాన ఎవరి చెయ్యీ పైకి లేవదన్నది చదువుకున్నవాళ్ళలో బాగా స్థిరపడిన నమ్మకం. నేనూ దాన్ని నమ్మినవాణ్ణే. ఒకప్పుడు ఏదో సినిమాను నిషేధించాలని ఊరంతా ఊగిపోతున్నప్పుడు గ్రంథాలయం హాల్లో నిలబడి, కల్పన వల్ల నేరం జరిగిందని ఒక్క రుజువు చూపండి, చూపితే నేనే వెళ్ళి ఆ సినిమా హాలుకు కరెంటు తీసేస్తాను అని సవాలు విసిరాను. అందరూ నవ్వారు, ఎందుకంటే అప్పుడు నేను విద్యుత్ శాఖలో ఇన్‌స్పెక్టర్ని, తీసేసే అధికారం నిజంగానే నా చేతిలో ఉండేది. ఇప్పుడు సాయంత్రం ఏడున్నర కావస్తోంది, విరిగి అతుక్కున్న తుంటితో ఈ పేము కుర్చీలో కూర్చున్నాను, పక్కన వాకరు, ఎదురుగా టీవీ, టీవీకీ నాకూ మధ్య నేల మీద, మంచం కోడుకు వీపు ఆనించి మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని నా మనవరాలు, పదిహేడేళ్ళ పిల్ల, తలుపు వెనక కొక్కేనికి తన కాలేజీ సంచీ, ఆ సంచీలో మధ్యాహ్నం నేను చూసినవి. నమ్మకం సరైనదైతే దాని రెండో వైపు కూడా సరైనదే కావాలి: కథ చెయ్యిని లేపలేకపోతే, లేచిన చెయ్యిని దించనూ లేదు. తర్కంలో సందు లేదు, వెతికాను. అయినా మధ్యాహ్నం నుంచి నేను పట్టుకుని వేలాడుతున్నది ఒక్కటే, ఇవాళ్టి ఎపిసోడ్, మా ఆవిడ నవలలోని గేటు ఘట్టం. అది చూస్తే ఈ పిల్ల ఆగుతుందని. తాయెత్తు కట్టించుకున్నవాణ్ణి చూసి జీవితమంతా నవ్వినవాణ్ణి. ఇవాళ నా తాయెత్తు ముప్ఫై రెండు అంగుళాలది, గోడకు బిగించి ఉంది.

సంచీలోకి తొంగిచూడాలని చూడలేదు. గోడ మీది స్విచ్చి చిటపటమంటుంటే టెస్టరు కోసం నా పనిముట్ల పెట్టె తీశాను, టెస్టరు లేదు, రబ్బరు చేతి తొడుగులు లేవు, రెండూ కలిసి ఎలా పోతాయి అని ఒక్క క్షణం ఆలోచించాను, రెండో క్షణంలో వాకరు దానంతటదే కొక్కెం వైపు తిరిగింది. భౌతికశాస్త్రం పుస్తకం, దాని పక్కన నల్ల వైరు చుట్ట, కొత్తది, తొడుగులు, టెస్టరు, వాటికి అడుగున మా ఆవిడ నవల, గేటు ఘట్టం దగ్గర బస్సు టికెట్టు గుర్తు పెట్టి ఉంది. అన్నీ ఎలా ఉన్నవి అలాగే పెట్టి వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాను. ఆ వైరు ఎక్కడికి వెళ్ళబోతోందో నాకెవరూ చెప్పనక్కర్లేదు. రెండు వీధుల అవతల ఫర్నిచర్ షోరూము ఉంది, దాని యజమాని కాలిబాట మీద ఇనుప స్తంభం పాతి పైన వెలిగే బోర్డు పెట్టాడు, అతుకుల మీద నాసిరకం టేపు చుట్టించాడు, పోయిన వానాకాలంలో మా అమ్మాయి ఆఫీసు నుంచి నడిచి వస్తూ మోకాలి లోతు నీళ్ళలో చెప్పు జారి, పడకుండా ఉండడానికి ఆ స్తంభం పట్టుకుంది. పడకుండా ఉండడానికి. మార్చురీలో ఆ అరచేతి మీది గుర్తు చూసి, ఇది ఇంత ఓల్టేజి, ఇంతసేపు అంటుకుని ఉంటుంది అని పక్కనున్న ఎస్సైకి వివరించాను, గొంతు వణకలేదు, ముప్ఫై ఏళ్ళ అలవాటు, వణకనందుకు మనవరాలు నా వైపు ఒక చూపు చూసింది, ఆ చూపు ఈ ఇంట్లో ఇంకా ఎక్కడో ఉంది, చెప్పుల స్టాండు దగ్గరో, వంటగది గుమ్మంలోనో, అప్పుడప్పుడూ తగులుతుంటుంది. విచారణ నివేదిక రాసింది నేను పనిచేసిన శాఖే: వర్షం కారణంగా ప్రమాదవశాత్తూ. ముద్దాయి వర్షం. యజమాని పాత బోర్డు తీసి ఇంకా పెద్దది పెట్టాడు. రోజూ ఎనిమిది దాటాక పనివాళ్ళను పంపేసి ముందరి ఇనుప జాలీ తలుపు తన చేత్తోనే లాగి తాళం వేసుకుంటాడు, ఈ సంగతి మనవరాలే చెప్పింది, నెల కిందట భోజనం దగ్గర, రేపు ఎండ ఎక్కువట అన్నంత మామూలుగా: "వాడు ఎవర్నీ నమ్మడు తాతయ్యా. రోజూ తనే లాగుతాడు." తల్లిని తలుచుకుని ఏడుస్తుందేమో అని కనిపెట్టుకుని ఉన్నవాణ్ణి, ఏడవని వైపు చూడలేదు. దాని తండ్రి ఎన్నడో వేరే సంసారం వెతుక్కున్నాడు. ఉన్నది నేను, నా వాకరు.

"మొదలైందా బాబాయ్ గారూ?" తలుపు తోసుకుని పక్కింటి టైలరమ్మ వచ్చేసింది, చంకలో గుండీలు కుట్టాల్సిన చొక్కాల మూటతో. సూది దారం లేకుండా సీరియల్ చూస్తే సమయం దండగ చేసినట్టు ఉంటుందట, సీరియల్ లేకుండా గుండీలు కుడితే చెయ్యి నొప్పట. "జరగవే పిల్లా కాస్త, నేలంతా నీకే రాసిచ్చారా?" మనవరాలు జరిగింది, నవ్వింది కూడా, ఆ నవ్వు చూసి వైరు చుట్ట నేను కల కన్నానేమో అనుకున్నాను, అనుకోవడానికి ఎంత తొందరపడ్డానంటే సిగ్గేసింది. పేర్లు మొదలయ్యాయి. మూలకథ అని మా ఆవిడ పేరు, పోయి తొమ్మిదేళ్ళయిన మనిషి పేరు, ప్రతి రోజూ వాన చినుకుల్లో తేలి కరిగిపోయే అక్షరాల్లో. ఆ తరువాత ఇన్నాళ్ళూ లేనిది, సాంకేతిక సలహా, కింద నా పేరు. "అమ్మమ్మమ్మ, మీ పేరు! పైన పిన్నిగారు, కింద మీరు, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక్క తెర మీద! ఇన్నాళ్ళూ వేయనిది ఇవాళేం వేశారండీ?" ఇవాళ కరెంటు ఘట్టం కాబట్టి, అని నా బుర్ర జవాబు చెప్పింది. మనవరాలు తల తిప్పింది. "నువ్వేం సలహా ఇచ్చావు తాతయ్యా?" "ఏమోనమ్మలూ, గుర్తులేదు" అన్నాను. గుర్తులేదని అంటున్నప్పుడే ఒక్కొక్క మాటా గుర్తొస్తోంది.

పోయినేడాది, వానలకు ముందు, ఇదే కుర్చీ, మా అమ్మాయి కిటికీ దగ్గర తల దువ్వుకుంటోంది, ఫోనులో ఎవరో కుర్రవాడి గొంతు, సీరియల్ రచయితల దగ్గర సహాయకుణ్ణన్నాడు. "సార్, నవల్లో ఆ అమ్మాయి గేటుకు కరెంటు పెడితే ఫ్యూజు పోయి, ఓనరు బతికిపోతాడు కదా, మా డైరెక్టరు గారికి డౌటొచ్చింది సార్, నిజంగా పోతుందా?" ఎవరైనా అడిగితే బాగుండునని ఇరవై ఏళ్ళుగా కాచుకుని కూర్చున్న ప్రశ్న అది. మా ఆవిడ వంటగది బల్ల మీద ఆ నవల రాస్తున్న రోజుల నుంచీ చెబుతూనే ఉన్నాను, పోదు, ఫ్యూజు ఉన్నది తీగల్ని కాపాడడానికి, మనిషిని కాపాడడానికి కాదు, మనిషి ఒంట్లోంచి పోయే కాస్త కరెంటుకు అది ఉలకదు పలకదు, నీ కథలో ఇంటి ఓనరు చచ్చిపోతాడు, వీధి దీపం కన్ను కూడా ఆర్పదు. ఆమె కలం ఆపకుండానే అనేది: "నా గేటు, నా ఫ్యూజు. నేను పొమ్మంటే పోతుంది." ప్రతి ముద్రణకూ సవరణ పంపుదామనేవాణ్ణి, పాఠకుడు నవ్వుతాడనేవాణ్ణి, ఒకసారి మాత్రం కలం కింద పెట్టి నా వైపు తిరిగి, "పోదని నాకు తెలియదనుకుంటున్నారా?" అంది, అని మళ్ళీ రాసుకుంది, దానికి అర్థం ఏమిటో అడగాలని నాకు తట్టలేదు, పొరపాటు ఒప్పుకున్నందుకు సంతోషించి టీ పెట్టి ఇచ్చాను. ఆ కుర్రవాడికి మాత్రం ముప్పావు గంటసేపు విశదంగా చెప్పాను. బొమ్మ గీసి పంపుతానన్నాను. "అక్కర్లేదు సార్, ఇంత చాలు, సూపర్ సార్" అన్నాడు. ఫోను పెట్టాక మా అమ్మాయి దువ్వెన పట్టుకునే అంది, "నాన్నా, అమ్మ లేనప్పుడు గెలిచావు." నవ్వుతూనే అంది. ఆ దువ్వెన ఇప్పటికీ కిటికీలోనే ఉంది, ఎవరమూ తీయం.

తెర మీద పిల్ల వాన నీళ్ళలో నిలబడి ఉంది. నవలలో ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు. జ్వరంతో ఉన్న తండ్రిని, సామానునూ అద్దెకిచ్చిన ఇంటాయన వానలో బయట పెట్టించాడు, తండ్రి కాలిబాట మీద పోయాడు, అది మొదటి పాతిక పేజీలు. తరువాత చాలాకాలం ఏమీ జరగదు. నాకు చిరాకేసేది, ఏమిటిది, పిల్ల పాలు తెస్తుంది, తమ్ముడికి పిచ్చి మాటలు నేర్పుతుంది, అబద్ధాలు మొదలుపెడుతుంది, ఒక ఉదయం దారం ఉండ కొనడానికి వెళ్తూ ఆ ఇంటి గేటు చూసి, ఇది ఇనుము, అనుకుంటుంది. అంతే, ఆ ఒక్క మాట. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు, ఎండ కాస్తోంది, చేతిలో దారం ఉండ ఉంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల మనకు నచ్చడం మానేస్తుంది. తమ్ముణ్ణి చెంపదెబ్బ కొడుతుంది, కొట్టి చెయ్యి చూసుకుంటుంది, ఇంటాయన మనవడికి బిస్కెట్టు ఇచ్చి ఇంట్లో ఎవరు ఎప్పుడు ఎటు వెళ్తారో రాబడుతుంది, పగ దాని మొహాన్ని లోపలి నుంచి కొద్దికొద్దిగా కొరుక్కు తింటుంటే మనం పేజీలు తిప్పుతుంటాం. సీరియల్లో ఇదంతా ఎక్కడుంది? పిల్లకు పద్దెనిమిదేళ్ళు చేశారు, కాటుక పెట్టారు. ఇంటాయన వచ్చి, పదిమందిలో, తండ్రి ఫోటోను కాలితో తన్నాడు. ఉరిమింది. ఒక్కొక్క మొహం మీదికీ మూడేసి సార్లు కెమెరా దూకింది. పగిలిన అద్దంలోంచి తండ్రి గొంతు, "అమ్మా, నా రుణం తీర్చవా?" అని. చచ్చినవాళ్ళు మాట్లాడేది రచయితలకు మాటలు దొరకనప్పుడే. ఇదే మాట పైకి అనబోయి ఆగాను. పిల్ల తల పైకెత్తింది, గాలి లేని గదిలో జుట్టు ఎగిరింది, పగ దాన్ని ఒక్క నిమిషంలో అందగత్తెను చేసేసింది. అరవై పేజీలు ఒక తన్నులో అయిపోయాయి.

"చంపెయ్యాలి వెధవని" అంది టైలరమ్మ, దారం పళ్ళతో కొరుకుతూ. "ఫోటోని తన్నుతాడా? చేతులు పడిపోను!" "తన్నింది కాలితోనండీ" అంది మనవరాలు. "కాళ్ళూ పడిపోనీ, నాదేం పోయింది." మనవరాలు ఫక్కున నవ్వింది, "ఫోటో మాట్లాడ్డమేంటి చండాలంగా, అమ్మమ్మ చూస్తే చీపురు తిరగేసేది" అంది, ఆ మాటకు నా ప్రాణం లేచి వచ్చింది. నవ్వుతోంది అంటే నమ్మడం లేదు, నమ్మకపోతే ఇది పనిచేయదు, చేయకపోతే మంచిదే, కాని ఇది పనిచేయకపోతే గేటు ఘట్టమూ పనిచేయదు కదా, అది ఎలా ఉందో ఇంకా చూడలేదు కదా, ఆ కుర్రవాడు అడిగింది డౌటు తీర్చుకోవడానికే కదా, డైరెక్టర్లు అడిగినవన్నీ వాడుకుంటారా, మా ఆవిడ ముగింపును మార్చే ధైర్యం ఎవరికి ఉంటుంది? ప్రకటనలు వచ్చాయి. సబ్బు, బైకు, మళ్ళీ సబ్బు. ఇక్కడ టీవీ ఆపేయవచ్చు. ఆపితే ఫోనులో చూస్తుంది, ఆపినందుకే మరింత శ్రద్ధగా చూస్తుంది. సంచీ దాచవచ్చు, వైరు వీధి చివర అంగడిలో దొరుకుతుంది. షోరూము వాడికి ఫోను చేసి జాగ్రత్త అని చెప్పవచ్చు. చెబితే పోలీసులు వస్తారు, సంచీ బల్ల మీద విప్పుతారు, నివేదిక రాస్తారు, ఈసారి కారణం వర్షం అని రాయరు. కూర్చోబెట్టి మాట్లాడవచ్చు. మాట్లాడడమే ఎనిమిది నెలలుగా నాకు రావడం లేదు, నాకు వచ్చినదంతా వివరించడమే.

అసలు మూడు వారాల కిందట తనే అడిగింది. గిన్నెలు తుడుస్తూ, వీపు నా వైపు పెట్టి, "అమ్మమ్మ నవల్లో ఫ్యూజు నిజంగా పోతుందా తాతయ్యా?" అంది. ఆరేళ్ళప్పుడు ఈ పిల్లకు టెస్టరు పట్టుకోవడం నేర్పింది నేను, కరెంటుకు కోపం లేదమ్మలూ, పగ లేదు, దారి ఉంటే వెళ్తుంది అంతే, అని చెప్పింది నేను, లెక్కల విషయంలో, లోకం విషయంలో, దేవుడి విషయంలో ఏనాడూ దానికి అబద్ధం చెప్పనివాణ్ణి. ఎందుకు అడుగుతున్నావని అడగలేదు. "పోతుంది" అన్నాను. "ఖచ్చితంగా పోతుంది. ఇన్‌స్పెక్టరుగా చెబుతున్నాను." తను గిన్నె బోర్లించి, "సరే" అంది. ఆ 'సరే' తరువాత కూడా వైరు కొన్నదంటే, నా మాట సగమే నమ్మింది. మిగిలిన సగం ఇవాళ్టి కోసం దాచుకుంది. కాబట్టి నేను పిలవకపోయినా ఇక్కడ కూర్చునేదే. ఇన్ని రోజులుగా సీరియల్ అంటే మొహం తిప్పుకున్న పిల్ల, మధ్యాహ్నం నేను, అమ్మమ్మ కోసం ఒక్క ఇవాళ చూద్దాం రావా అంటే, "చూద్దాంలే" అని ఎంత తేలిగ్గా ఒప్పుకుంది.

సబ్బు అయిపోయింది. సందె చీకటి, గేటు, పిల్ల చేతిలో వైరు, మెల్లగా నడక. నవలలో ఇక్కడ ఆ పిల్ల లఘుశంక ఆపుకోలేక బట్టలు పాడుచేసుకుంటుంది, మా ఆవిడ ఒక్క అవమానాన్నీ వదల్లేదు. ఇంటాయన గేటు మీద చెయ్యి వేస్తాడు, ఫట్ మంటుంది, వీధంతా చీకటి. తలుపులు తెరుచుకుంటాయి, జనం కొవ్వొత్తులు పట్టుకుని బయటికి వస్తారు, ఆ వెలుగులో చచ్చిపోవాల్సిన మనిషి తన కొవ్వొత్తి ఎత్తి పట్టుకుని, "ఎవరమ్మా అక్కడ? మురిక్కాలువ ఉంది, చూసుకుని నడువు" అని పిల్లకు దారి చూపిస్తాడు. ఎవరో ఏమిటో తెలియకుండా. ఆ పిల్ల ఆ వెలుగులో నడిచి ఇంటికి పోతుంది, నవల అక్కడ ఆగుతుంది. ఇది అదృష్టం, కథ కాదు, అనేవాణ్ణి నేను. ఇప్పుడు తెర మీద ఇంటాయన గేటు వైపు నడుస్తున్నాడు, నా చేతులు వాకరు కమ్మీని పట్టుకున్నాయి, పోవాలి, పోవాలి, ఫ్యూజా పోవే, నీకు దణ్ణం పెడతాను, ఈ సంగీతానికైనా సిగ్గుపడి పో. వాడి చెయ్యి గేటు మీద పడింది. పోలేదు. వెనక వీధి దీపం కన్ను ఆర్పలేదు, నేను చెప్పినట్టే, ఒక్క క్షణం మినుకుమనలేదు కూడా, నేను చెప్పినట్టే. వాడు విరుచుకుని పడ్డాడు. పిల్ల వెనుదిరిగి తాపీగా నడిచి వచ్చింది, గాలి వీచింది, వెనక దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి, పెదవి మీద చిన్న నవ్వు, తండ్రి ఫోటో అద్దం దానంతటదే అతుక్కుంది. "హమ్మయ్య, పీడా వదిలింది" అని టైలరమ్మ చప్పట్లు కొట్టింది, ఒళ్ళోంచి గుండీలు జారి నేలంతా దొర్లాయి. వాటిని ఏరడానికి మనవరాలు వంగలేదు. నన్ను చూస్తోంది.

టైలరమ్మ గుండీలు ఏరుకుని, రేపేమవుతుందో చూడాలి, పోలీసులు పట్టుకోకూడదమ్మా పాపం, అనుకుంటూ వెళ్ళింది. తలుపు మూసుకుంది.

"నువ్వు పోతుందన్నావు."

"అన్నాను."

"సాంకేతిక సలహా నీదే కదా. వాళ్ళకి పోదని చెప్పావు."

"చెప్పాను. పోయినేడాది. మీ అమ్మ ఇక్కడే ఉంది అప్పుడు."

"అయితే నాకు చెప్పింది అబద్ధం."

"అబద్ధమే."

ఇంకా ఏదో చెప్పాలి, వాక్యం సిద్ధంగానే ఉంది, మీ అమ్మమ్మకు కూడా పోదని తెలుసు, తెలిసే అలా రాసింది, ఎందుకంటే, అని. ఆ ఎందుకంటే దగ్గర వాక్యం తెగిపోయింది, ఇరవై ఏళ్ళు ఆ ప్రశ్న అడగనివాడికి జవాబు ఎక్కడి నుంచి వస్తుంది, ఈలోగా తను లేచింది, కొక్కెం నుంచి సంచీ తీసింది. "అమ్మలూ, వద్దు" అన్నాను. ఏది వద్దో చెప్పలేదు, తను అడగలేదు. "నోట్సు ఇచ్చేసి వస్తా" అంది, తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, నేను వాకరు ఎత్తి వేసి ఒక అడుగు, ఎత్తి వేసి రెండో అడుగు, మూడో అడుగుకు మెట్ల మీద చెప్పుల చప్పుడు కింది అంతస్తుకు చేరింది. గొంతెత్తి పిలిచాను. వీధి తలుపు గడియ చప్పుడే జవాబు.

ఫోను తీశాను. వేలు దానంతటదే ఒక పేరు దగ్గర ఆగింది. నా కింద లైన్‌మన్‌గా చేరి ఇప్పుడు మా సబ్‌స్టేషనులో ఆపరేటరుగా ఉన్నవాడు, నాకు చండశాసనుడని పేరు పెట్టింది అతనే, ఎందుకంటే లైన్ క్లియర్, అంటే కరెంటు తీయమనే కాగితం, లేకుండా ఎవరి మాట మీదో స్విచ్చి తెరిచి కరెంటు తీశాడని అతన్ని నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టాను, పెళ్ళాం వచ్చి ఏడ్చినా వినలేదు. "ఎన్నాళ్ళకు సార్! సీరియల్లో మీ పేరు పడిందటండీ, మా ఆవిడ ఫోన్లో కేకలే కేకలు..." "మా వీధి ఫీడరు తీసెయ్" అన్నాను, మా వీధికీ షోరూముకూ కరెంటు తెచ్చే లైను అదే. "ఇప్పుడే." అటు వైపు నవ్వు ఆగింది. "సార్, కాగితం లేకుండానా? మీరా అడిగేది?" షోరూము ఎన్ని అడుగులు, పిల్ల ఎంత వేగంగా నడుస్తుంది, వాడు ఈపాటికి జాలీ తలుపు దగ్గరికి వచ్చి ఉంటాడు, ఇదంతా వివరించవచ్చు, వివరించడం నాకు వచ్చు, ముప్పావు గంట వివరించగలను. "లైను మీద నా మనిషి ఉంది" అన్నాను. గొంతు వణికింది. ఆ మాట విన్నాక మా శాఖలో ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు, నేనే నేర్పాను. ఫోనులో కుర్చీ వెనక్కి పడిన చప్పుడు, పరుగు, ఇనుము మీద ఇనుము పడిన దెబ్బ. టీవీ ఆరిపోయింది, ఫ్యాను నెమ్మదించింది, కిటికీ అవతల వీధంతా ఒక్కసారిగా నల్లబడింది. "నేను చెప్పేదాకా ఇవ్వకు" అన్నాను. "మనిషి దిగేదాకా ఇవ్వను సార్" అన్నాడు.

చీకట్లో, వాకరు పట్టుకుని, నిలబడ్డ చోటే నిలబడ్డాను. కింద ఎవరో ఎవరినో తిడుతున్నారు, ఈ కరెంటు వాళ్ళ ఇళ్ళు కూల, అని. టైలరమ్మ గొంతు, మిషను మీద బట్ట అలాగే ఉండిపోయిందో అని. కొవ్వొత్తులు ఎవరి దగ్గరా లేవు, ఫోను లైట్లు వెలుగుతున్నాయి, గోడల మీద పెద్ద పెద్ద నీడలు. ఫీడరు తీసే లోపలే వాడు చెయ్యి వేసి ఉంటే? వేసి ఉంటే కేకలు ఇలా ఉండవు, వేరేగా ఉంటాయి, ఎలా ఉంటాయో నాకు తెలుసు. లేదా అంత దూరం నుంచి వినపడవు. దూరం, గాలి దిశ, కట్టడాలు. లెక్క వేయబోయాను, అంకెలు నిలవలేదు. మా అమ్మాయి చెయ్యి ఆ స్తంభానికి అంటుకున్నప్పుడు ఎవరైనా ఇలా ఎక్కడో నిలబడి, ఎవరో తెలియని మనిషి మాట మీద, ఒక్క స్విచ్చి... ఈ ఆలోచన పూర్తిచేయకుండా ఎనిమిది నెలలుగా కాపలా కాశాను, చీకట్లో అది దానంతటదే పూర్తయింది. నా మొహం తడిగా ఉందని చెయ్యి తగిలి తెలిసింది. మెట్ల మీద చప్పుడు. ఒక్కరి చెప్పులే. నెమ్మదిగా.

తలుపు తెరుచుకుంది. తను ఫోను లైటు వేసుకోలేదు. సంచీ బల్ల మీద పెట్టిన చప్పుడు, కుర్చీ లాగిన చప్పుడు.

"కరెంటు పోయింది తాతయ్యా."

"ఊఁ."

"వాడు తాళం కప్ప కింద పడేసుకున్నాడు. చీకట్లో వెతుక్కుంటున్నాడు. ఎవరమ్మా అక్కడ, టార్చి ఉందా అన్నాడు. నన్ను."

"ఇచ్చావా?"

"లేదు."

నా చేతిలో ఫోను మోగింది. ఆ వెలుగులో ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూశాం. తను చెవి ఒగ్గి వింటోంది, నేను ఫోను కాస్త దూరంగా పట్టుకున్నాను.

"సార్, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. మీ మనిషి దిగిందా సార్?"

"దిగింది. ఇవ్వు."

"కారణం ఏమని రాయమంటారు?"

"ఫ్యూజు పోయిందని రాయి."

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. సంచీ మూతి తెరిచి ఉంది, వైరు చుట్ట బల్ల మీదికి సగం జారి ఉంది. ఒక కొస తొడుగు ఒలిచి, రాగి బయటపడి ఉంది. రెండో కొస ఒలవలేదు.